ఆటిజం ఉన్న పెద్దవాళ్లకి విశాఖలో ఒక తోడు బృందం పెట్టాలంటే: మొదటి ఇద్దరి నుంచి తాళం వేసేదాకా

"మేమూ ఒకటి పెడదామనుకుంటున్నాం, ఎలాగో చెప్పండి" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం నావల్ల కావడం లేదు (ఫోన్ మోగితేనే నాకు టెన్షన్), అందుకే ఉన్నదంతా ఒకచోట రాసేస్తున్నాను. నాకు ఆటిజం అని తేలింది 33వ ఏట. ఇప్పుడు మేం ఏడెనిమిది మందిమి నెలకోసారి కలుస్తున్నాం, కింద రాసినవాటిలో సగం మేం తప్పు చేసి దెబ్బతిని నేర్చుకున్నవే.

ఇది ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల గ్రూపు గురించి కాదు, థెరపీ గురించీ కాదు. 18 దాటి, ఉద్యోగాలో చదువులో చేసుకుంటూ, లేదా ఏదీ కుదరక ఇంట్లోనే ఉంటూ, లోపల మాత్రం రోజూ అలసిపోతున్న మనుషులు ఒక గదిలో ఒకరి ఎదురుగా ఒకరు కూర్చోవడం గురించి. మీకూ ఆటిజం ఉండి ఉంటే మంచిది, లేకపోతే కనీసం నడిపే ఇద్దరిలో ఒకరికైనా ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే ఉంటాను.

## 1. ముందు ఇద్దరిని వెతకండి

పోస్టరు, పేరు, లోగో ఇవన్నీ తర్వాత. మా దగ్గర మొదటి రెండు నెలలు లోగో మీదే పోయాయి, ఆ లోగో ఇప్పటికీ ఎక్కడా వాడలేదు.

మీరు కాక ఇంకో ఇద్దరు దొరికితే చాలు. పెద్దవాళ్లని చూసే సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టుల దగ్గర ఒక చిన్న కాగితం పెట్టి రండి. దాని మీద గ్రూపు కోసం కొత్తగా తెరిచిన ఈమెయిల్ ఉంటే సరిపోతుంది. "మీ పేషెంట్ల నంబర్లు ఇస్తారా" అని మాత్రం అడగొద్దు, వాళ్లు ఇవ్వకూడదు కూడా. తల్లిదండ్రుల గ్రూపుల్లో చెప్పి ఉంచండి, పిల్లలు పెద్దయిన ఇళ్లు అక్కడ ఉంటాయి. సొంత ఫోన్ నంబరు ఎక్కడా రాయకండి, రాత్రి పదకొండింటికి ఫోన్లు వస్తాయి, నాకు వచ్చాయి.

ముగ్గురూ రెండు సార్లు కలిసి ఒక్క పేజీ రాసుకోండి:

☐ ఎవరి కోసం
☐ ఏం చేస్తాం, ఏం చేయం
☐ ఎన్నాళ్లకోసారి, ఎంతసేపు
☐ ఎక్కువలో ఎక్కువ ఎంతమంది (మేం పది దగ్గర ఆపేశాం)
☐ తలుపు ఎవరు తీస్తారు, మీటింగు ఎవరు నడుపుతారు

చివరిది ఇద్దరు వేర్వేరు మనుషులు కావాలి. ఒక్కరే తలుపు దగ్గర పలకరిస్తూ, లోపల మాటలు నడుపుతూ ఉంటే అరగంటలో బుర్ర వేడెక్కిపోతుంది.

## 2. ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు

సర్టిఫికెట్ అడగొద్దు. పెద్దవాళ్లకి ఆటిజం పరీక్ష చేసేవాళ్లు దొరకడమే కష్టం, దొరికినా ఖర్చు, ఎదురుచూపు. ఆడవాళ్లకైతే చాలామందికి ముందు డిప్రెషన్ అనో యాంగ్జైటీ అనో పేరు పడి, అసలు విషయం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. సర్టిఫికెట్ కావాల్సింది ప్రభుత్వ పథకాలకి, మన గదిలో కుర్చీకి అది అక్కర్లేదు. "నాకు ఉందనుకుంటున్నాను" అన్నవాళ్లు కూడా రావచ్చని ముందే రాసి పెట్టండి. అబద్ధం చెప్పి వచ్చేవాళ్లు ఉండరా అని అడుగుతారు కొందరు, ఆదివారం సాయంత్రం అబద్ధం చెప్పి ట్యూబ్‌లైట్ ఆర్పిన గదిలో మాట్లాడకుండా కూర్చోవడానికి ఎవరొస్తారండీ.

తల్లిదండ్రుల సంగతి కాస్త సున్నితం. ఒకసారి 26 ఏళ్ల అబ్బాయితో వాళ్లమ్మగారు వచ్చారు. పేరు అడిగితే ఆవిడే చెప్పారు, ఏం ఇష్టం అంటే ఆవిడే చెప్పారు, "వాడికి టీ వద్దు" అని కూడా ఆవిడే. ప్రేమతోనే, అందులో సందేహం లేదు. కానీ ఆ గంటన్నరలో అబ్బాయి నోరు విప్పలేదు. అప్పటి నుంచి మా పద్ధతి ఇది: దింపడానికి రావచ్చు, మొదటిసారి గది చూసుకోవచ్చు, తర్వాత కింద టీ కొట్టు దగ్గరో వరండాలోనో కూర్చోవాలి. తర్వాతి నెల ఆ అబ్బాయి ఒక్కడే వచ్చి ఫోన్లో టైపు చేసి చూపించాడు.

నిజంగా సహాయకుడు అవసరమైనవాళ్లు ఉంటారు, వాళ్లతో సహాయకుడు లోపలే ఉండాలి. ఆయనకి ఒక్క షరతు: అడిగినప్పుడు తప్ప బదులు చెప్పకూడదు. మాట రానివాళ్లు రాసి చూపించినా, ఫోన్లో యాప్‌తో పలికించినా అదీ మాటే, దానికి పట్టే సమయం దానికి ఇవ్వాలి.

"ప్రాజెక్టు కోసం ఒకసారి చూసి వెళతాం" అనే విద్యార్థులకి, విలేకరులకి, "మోటివేషన్ క్లాసు ఫ్రీగా చెప్తా" అనేవాళ్లకి కుదరదని చెప్పండి. ఒక్క వాక్యంలో చెప్పండి, కారణాలు చెప్పడం మొదలుపెడితే బేరం మొదలవుతుంది.

## 3. స్థలం: అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టండి

మొదట ఆర్కే బీచ్ అనుకున్నాం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు ఎలా ఉంటుందో విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. మొక్కజొన్న పొత్తుల పొగ, పిల్లల ఈలలు, గాలికి పక్కవాళ్ల మాట కూడా వినబడదు. ముగ్గురం ఇరవై నిమిషాలు సముద్రం చూసి లేచి వచ్చేశాం. రెండోసారి కాఫీ షాపు: మిక్సీ, స్పీకర్లో పాట, పక్క టేబుల్లో పుట్టినరోజు కేకు. మూడోసారి ఒక ఫంక్షన్ హాలు మీద చిన్న గది తీసుకున్నాం, "ఆ రోజు కింద ఏమీ లేదండీ" అన్నారు, వెళ్లేసరికి కింద పెళ్లి, బ్యాండు మేళం. అడ్వాన్సు కూడా వెనక్కి రాలేదు.

ఇప్పుడు ఒక ట్యూషన్ సెంటర్లో గది వాడుతున్నాం. ద్వారకానగర్ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకి కొదవ లేదు కదా, ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉండే గది అడిగితే దొరుకుతుంది. ఆదివారం మూసి ఉండే తెలిసినవాళ్ల ఆఫీసు అయినా మంచిదే.

ఊరి పొడవు కూడా చూసుకోవాలి. గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్లకి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికే సగం ఓపిక అయిపోతుంది, మధురవాడ వాళ్లకి హైవే మీద హారన్లతో అదే పరిస్థితి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి రాగలిగే దూరంలో ఉంటే అన్ని వైపుల వాళ్లకీ ఒక్క బస్సుతో పనయిపోతుంది.

గది ఖాయం చేసే ముందు, మీరు కలవబోయే అదే వారం అదే గంటకి వెళ్లండి. ఇరవై నిమిషాలు ఎవరితో మాట్లాడకుండా కూర్చుని ఇవి చూడండి:

☐ ట్యూబ్‌లైట్లు ఆర్పినా కిటికీ వెలుతురు సరిపోతుందా? మినుకుమనే లైటు ఉందా?
☐ ఫ్యాను టకటక, ఏసీ హోరు, కరెంటు పోతే జనరేటర్ మోత
☐ వాసనలు: ఫినాయిల్, కొత్త పెయింటు, అగరుబత్తి, కింద బిర్యానీ సెంటరు
☐ పక్కన ఇంకో గదో వరండానో ఉందా, అక్కడ రెండు కుర్చీలు పడతాయా
☐ బాత్రూముకి ఎవరినీ అడగకుండా వెళ్లగలమా, గడియ పడుతుందా
☐ కుర్చీలు కదపొచ్చా. ఎవరినీ దాటకుండా తలుపు దగ్గరికి వెళ్లేలా వేయగలమా
☐ వాచ్‌మన్ ఆపి ప్రశ్నలు వేస్తాడా

ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. "ఎక్కడికి? ఎవరు కావాలి? ఏం పని?" అని మూడు ప్రశ్నలు వరసగా వేస్తే గేటు దగ్గరి నుంచే వెనక్కి వెళ్లిపోయినవాళ్లు మాలో ఉన్నారు. ముందురోజే వాచ్‌మన్‌కి చెప్పండి, రాబోయేవాళ్లకి గేటు దగ్గర ఏం అనాలో అక్షరాలా రాసి పంపండి.

ఎవరింట్లోనైనా కలుద్దామా? మొదటి ఆరు నెలలు వద్దు. ఇంటివాళ్లు పలకరింపులకి వస్తారు, పకోడీలు వస్తాయి, "ఇంకొక్కటి తీసుకోండి" మొదలవుతుంది. పైగా ఆ ఇంటి మనిషి అలసిపోతే లేచి వెళ్లడానికి ఆయనకి ఇంకో ఇల్లు లేదు.

## 4. రోజు, గంట

నెలలో రెండో ఆదివారం, సాయంత్రం 4:30 నుంచి 6:00 దాకా. ప్రతి నెలా అదే.

"ఈ నెల ఎప్పుడు కుదురుతుంది?" అని ఓటింగు పెట్టకండి. పెట్టామంటే అందరికీ కుదిరే రోజు ఎప్పటికీ రాదు, వచ్చినా అది మారుతుంది, మారిన ప్రతిసారీ ఇద్దరు జారిపోతారు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, ఆసుపత్రి షిఫ్టులవాళ్లు కొన్ని నెలలు రాలేరు, అది పరవాలేదు. వాళ్లకోసం నెల చివర బుధవారం రాత్రి ఒక గంట రాతలో మాత్రమే జరిగే ఆన్‌లైన్ మీటింగు పెట్టాం, వీడియో లేదు, గొంతు లేదు. గదికి ఎప్పుడూ రానివాళ్లు కూడా అక్కడికి వస్తున్నారు.

క్యాలెండర్లో ముందే చూసుకోవాల్సినవి: ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ, డిసెంబరు 4 నేవీ డే (విన్యాసాలు విశాఖలో పెట్టిన ఏడాదైతే ముందు బీచ్ రోడ్డు మీద రిహార్సల్సు కూడా), మధురవాడ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్. ఇక అక్టోబరు, నవంబరు తుపాన్లు ఎలాగూ ఉన్నవే. రద్దు చేయాలంటే ముందురోజు రాత్రి 8 గంటల లోపే చేయాలి, ఒకసారి చేశాక తెల్లారి ఎండ కాసినా మళ్లీ పెట్టకూడదు.

## 5. ఆహ్వానం ఎలా రాయాలి

మా మొదటి ఆహ్వానంలో "నాలుగున్నర ప్రాంతంలో రండి, సరదాగా కలుద్దాం" అని రాశాను. ఒకాయన నాలుగింటికే వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు, ఇంకొకామె ‘సరదాగా’ అంటే ఆటలు ఆడాలేమోనని భయపడి రాలేదు. ఇప్పుడు ఇలా పంపుతున్నాం, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"నమస్తే. ఈ ఆదివారం 4:30 నుంచి 6:00 దాకా కలుస్తున్నాం. తలుపు 4:15కి తీస్తాం. ఆలస్యంగా రావచ్చు, మధ్యలో వెళ్లిపోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కాంప్లెక్స్ నుంచి నడిచే దారి ఫొటోలు కింద ఉన్నాయి. వాచ్‌మన్ అడిగితే ‘మూడో అంతస్తు మీటింగు’ అంటే చాలు. లిఫ్ట్ ఆగినప్పుడు గంట మోగుతుంది, వద్దనుకుంటే మెట్లు కుడివైపు. గదిలో అయిదు నుంచి ఎనిమిది మంది ఉంటారు. మాట్లాడడం తప్పనిసరి కాదు. ఈసారి విషయం: ఆఫీసులో మధ్యాహ్న భోజనం. మంచినీళ్లు, టీ, ఉప్పు బిస్కెట్లు ఉంటాయి. తినమని ఎవరూ అడగరు. మీ తిండి మీరు తెచ్చుకోవచ్చు."

ఫొటోలు నాలుగు చాలు: రోడ్డు మీది నుంచి భవనం, గేటు, మెట్లు, కుర్చీలు వేసిన గది. మనుషులెవరూ లేని ఫొటోలు.

## 6. నియమాలు

పుస్తకాల్లో దొరికేవి ఎలాగూ పెడతారు: ఇక్కడి మాట బయటికి పోకూడదు, ఫొటోలు, రికార్డింగు వద్దు, అడగకుండా ముట్టుకోకూడదు, అడగకుండా సలహా ఇవ్వకూడదు. కళ్లలోకి చూడక్కర్లేదు, చేతులు ఊపుకోవచ్చు, నేల మీద కూర్చోవచ్చు, హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు. మన తెలుగువాళ్ల మధ్య వీటితో సరిపోదు. మాకు పనికొచ్చిన మరికొన్ని:

‘చూద్దాం’ నిషేధం. మన ఊళ్లో ‘చూద్దాం లెండి’ అంటే రానని అర్థం. మాలో చాలామందికి అది వస్తానన్నట్టే వినబడుతుంది. అందుకే వస్తాను, రాను, ఇంకా తెలీదు, ఈ మూడే.

ఆరా వద్దు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, పెళ్లయిందా, జీతమెంత. మామూలుగా పలకరింపుకే అడుగుతాం, కానీ దాని వెనక కులం ఆరా ఉంటుంది, "ఇంకా ఎందుకు చేసుకోలేదు" ఉంటుంది. తనంతట తాను చెబితే వినండి.

మీరా, నువ్వా? ఎవరిని ఏమని పిలవాలో తేల్చుకోలేక నోరు మూసుకునేవాళ్లం మేం. అందుకే పేరు కార్డు మీద మూడు ముక్కలు రాస్తాం: పేరు, గారు కావాలా వద్దా, మీరు అనాలా నువ్వు అనాలా. నలభై ఏళ్ల మనిషిని "బాబూ, తల్లీ" అనడం మాత్రం కుదరదు.

రంగు కార్డు. ఆటిజం ఉన్నవాళ్ల సమావేశాల్లో ఎప్పటి నుంచో వాడుతున్నదే. పచ్చ అంటే పలకరించండి, పసుపు అంటే ముందే తెలిసినవాళ్లు మాత్రమే పలకరించండి, ఎరుపు అంటే నన్ను వదిలేయండి. రంగులు తేడా తెలియనివాళ్ల కోసం మాట కూడా రాయండి.

"నిన్ను చూస్తే అలా అనిపించదే" అనొద్దు. వచ్చినవాళ్లు ఇంట్లో, ఆఫీసులో వినీ వినీ విసిగిపోయిన మాట అది.

సెంటు కొట్టుకుని రావద్దని రాశాక మల్లెపూల మీద పెద్ద చర్చే జరిగింది. వేసవిలో విశాఖలో పూలు పెట్టుకోవద్దని ఎలా అంటాం? వాసన పడనివాళ్లు కిటికీ పక్కన, పూలు పెట్టుకున్నవాళ్లు గదికి ఆ చివర అని తేల్చుకున్నాం. నడుస్తోంది.

## 7. గంటన్నర ఎలా నడపాలి

ఈ వరస బోర్డు మీద గంటలతో సహా రాసి పెట్టండి. ఒక్కోటి అయిపోగానే కొట్టేయండి.

4:15. తలుపు దగ్గర మనిషి. కార్డులు, పెన్నులు. "కూర్చోండి" అని చోటు చూపించొద్దు, ఎవరికి నచ్చిన కుర్చీ వాళ్లది.

4:30. ప్రతి నెలా అవే పది వాక్యాలు కాగితం చూసి చదవండి. కొత్తగా, అందంగా చెప్పాలని చూడకండి. బాత్రూము ఎటు, పక్క గది ఎటు, 6:00కి కచ్చితంగా ముగుస్తుంది.

4:40. పేర్లు. ఒక్క వాక్యం, లేదా ‘పాస్’. పాస్ అన్నవాళ్ల వైపు చూసి నవ్వుతూ ఆగకండి, అది కూడా అడిగినట్టే.

4:45. విషయం. ముందు అయిదు నిమిషాలు అందరూ కాగితం మీద రాసుకుంటాం, ఆ తర్వాతే మాట. మాట్లాడేవారి చేతిలో ఒక గవ్వ ఉంటుంది, మూడు నిమిషాల ఇసుక గడియారం ఎదురుగా. గవ్వ లేనివాళ్లు మధ్యలో మాట్లాడరు. ఎప్పుడు మాట కలపాలో తెలీక ఇరవై ఏళ్లు చుట్టాల మధ్య తలాడిస్తూ కూర్చున్న నాకు ఆ గవ్వ ఎంత పని చేసిందో చెప్పలేను.

5:15. విరామం, పావుగంట. ఇది మాటల సమయం అనుకుంటారు, మా దగ్గర సగం మంది గోడవైపు తిరిగి ఫోన్ చూసుకుంటారు. అలాగే వదిలేయండి.

5:30. ఒకరిద్దరి సొంత విషయాలు. మొదలుపెట్టే ముందు వాళ్లే చెప్పాలి: "సలహా కావాలి" లేదా "వింటే చాలు".

5:45. పది నిమిషాల పిచ్చి. నెలకొకరు తమకి ఇష్టమైన దాని గురించి చెప్తారు. కొత్తవలస–కిరండూల్ రైలు లైను సొరంగాల గురించి ఒకాయన ప్రతిసారీ విషయం మధ్యలోకి తెచ్చేవాడు, ఆపితే నొచ్చుకునేవాడు. ఆయన కోసమే ఇది పెట్టాం, ఇప్పుడు అందరూ ఎదురుచూసేది దీనికే.

5:55. వచ్చే నెల తేదీ, విషయం. 6:00. అయిపోయింది. మాటలు రసపట్టులో ఉన్నా సరే ఆపేయండి, ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు కింద మాట్లాడుకుంటారు.

విషయం ఎంత చిన్నదైతే అంత మంచిది. ‘ఉద్యోగం’ అని పెడితే ఎవరూ రాయలేకపోయారు. ‘మేనేజరు ఫోన్ ఎత్తిన మొదటి నిమిషం’ అని పెడితే కాగితాలు చాల్లేదు. ఇంకా బాగా నడిచినవి: పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చోవడం, చెప్పకుండా వచ్చే చుట్టాలు, క్షౌరశాల, ఆటో బేరం, జ్వరం వస్తే మనకే ఆలస్యంగా తెలియడం.

సర్టిఫికెట్ మాట ఒకసారి ఎత్తారంటే గంట మింగేస్తుంది. దానికి ఒక కాగితం అచ్చేసి తలుపు దగ్గర పెట్టండి: 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, సర్టిఫికెట్‌కీ యూడీఐడీ కార్డుకీ (వికలాంగుల గుర్తింపు కార్డు) కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ వెబ్‌సైట్లో దరఖాస్తు చేయొచ్చు, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. మిగతా మాటలు విరామంలో.

## 8. గది తట్టుకోలేనప్పుడు

మెల్ట్‌డౌన్: ఏడుపో, అరుపో, బల్ల మీద కొట్టడమో. ఒక్కరే దగ్గరికి వెళ్లాలి, అదీ రెండడుగుల దూరంలో. లైటు ఆర్పండి. "ఏమైంది? ఏమైంది?" అనొద్దు, ఆ సమయంలో ప్రతి ప్రశ్నా ఇంకో చప్పుడు. నీళ్ల సీసా అందే చోట పెట్టి, పక్క గది తలుపు తీసి ఉంచండి. మిగతావాళ్లని విరామానికి పంపేయండి, చుట్టూ మూగకూడదు.

షట్‌డౌన్: ఇది కనిపించదు. మనిషి అలాగే కూర్చుని ఉంటారు, మాట రాదు. అలిగారనుకుంటాం. ‘అవును’, ‘కాదు’ అని రాసిన రెండు చీటీలు చూపించి, ఇంటికి ఆటో పిలవాలా అని ఒక్కటి అడగండి.

మర్నాడు "నిన్న అలా అయిందేంటి" అని మెసేజి పెట్టకండి. "వచ్చే నెల 4:30, అదే గది" చాలు.

మొదటిసారి వచ్చినప్పుడే ఒక చీటీ రాయించండి, వాళ్ల జేబులోనే ఉంచుకోమనండి:

☐ నాకు కష్టమైతే ఏం చేస్తే మంచిది
☐ ఏం చేయకూడదు
☐ ఎవరికి ఫోన్ చేయాలి
☐ ఎవరికి చేయకూడదు

నాలుగోది తప్పకుండా ఉండాలి. అందరి ఇళ్లూ ఒకలా ఉండవు.

ప్రాణం మీదికి వచ్చే మాటలు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు మిగతావాళ్లకంటే ఎక్కువ, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట మీ గదిలోకి వస్తుంది. వచ్చినప్పుడు తడుముకోకూడదు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా పంపకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాలాంటివాళ్లకి ఫోన్ చేయడమే కొండంత పని, కాబట్టి మీరే కలిపి స్పీకర్లో పెట్టి పక్కన కూర్చోండి. అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి, లేదా కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి), చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి మీరూ వెంట వెళ్లండి. మాట బయటికి పోకూడదనే నియమానికి ఇది మినహాయింపు అని మొదటి రోజే అందరికీ చెప్పి ఉండాలి.

వెంటపడేవాళ్లు. ఒకామెకి గ్రూపులో ఒకతను రోజూ మెసేజులు పెడుతుంటే, ఆమె చెప్పడానికి మూడు నెలలు పట్టింది, ఎందుకంటే ఎవరికి చెప్పాలో మేం ఎక్కడా రాయలేదు. నడిపే ఇద్దరిలో ఎవరికైనా రాతలో చెప్పొచ్చని నియమాల్లో పెట్టండి. ఫిర్యాదు రాగానే విషయం తేలేదాకా ఆ మనిషిని ఆపేయండి. "అతనికి తెలీక చేశాడు, ఆటిజం కదా" అనేది సమాధానం కాదు, ఆమెకీ ఆటిజమే.

## 9. వాట్సాప్

మామూలు గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. మేం తెలీక అదే చేశాం. వారంలో గుడ్ మార్నింగులు, పండగ శుభాకాంక్షలు, రెండు రాజకీయ వీడియోలు, ఒక గొడవ, నలుగురు వెళ్లిపోవడం అన్నీ జరిగిపోయాయి.

ఇప్పుడు కమ్యూనిటీ ప్రకటనల గ్రూపు వాడుతున్నాం, అందులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, కొత్త మెసేజులు అడ్మిన్లు మాత్రమే పెడతారు. నెలకి మూడే మెసేజులు: వారం ముందు, ముందురోజు, అయిపోయాక. కబుర్లు కావాలన్నవాళ్లకి వేరే గ్రూపు, నంబరు కనిపిస్తుందని చెప్పి, ఒప్పుకుంటేనే. అక్కడ మెసేజులు ఏడు రోజుల్లో మాయమయ్యేలా పెట్టాం. బదులు ఇవ్వకపోతే తప్పు పట్టుకోకూడదు, ఒక్క ‘?’ కూడా పెట్టకూడదు.

## 10. తరచూ వచ్చే చిక్కులు

ఎవరూ రాలేదు. మాకు రెండో నెలలోనే అయింది. అయినా 6:00 దాకా కూర్చోవాలి. ఆ రోజు ఒకతను గేటు దాకా వచ్చి, పైన లైటు చూసి, ధైర్యం చాలక వెళ్లిపోయాడట. తర్వాతి నెల వచ్చి చెప్పాడు.

ఒక్కరే మాట్లాడుతున్నారు. ఇసుక గడియారం. మనిషిని ఆపకండి, గడియారాన్ని చూపించండి.

అందరూ మౌనం. అది చిక్కు కాదు. పది నిమిషాలు చూడండి, తర్వాత రాసుకున్న కాగితాల్లోంచి మీది మీరు చదవండి.

ఇద్దరికి ఒకరి అవసరం ఇంకొకరికి పడదు. ఒకరికి నోటితో చిన్న శబ్దం చేస్తేనే కుదురు, ఇంకొకరికి ఆ శబ్దమే నరకం. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదని అందరి ముందు చెప్పి, దూరం కూర్చోబెట్టండి, ఇయర్‌ప్లగ్‌లు డబ్బాలో ఉంచండి. అయినా కుదరకపోతే ఒకరు గదికి, ఒకరు బుధవారం మీటింగుకి.

డబ్బు. తలుపు దగ్గర ఒక డబ్బా. ఎవరెంత వేశారో చూడం. గది అద్దె, టీ ఖర్చు మాత్రం గోడ మీద అంకెలతో ఉంటుంది. పదిమందికి సొసైటీ రిజిస్ట్రేషన్ లాంటివి వద్దు, కాగితాల పని చేయాల్సింది కూడా మళ్లీ మీరే.

నడిపేవాళ్లు అలసిపోయారు. మూడు నెలలకోసారి నడిపే మనిషి మారాలి. నేను వరసగా ఏడు నెలలు నడిపి, ఎనిమిదో నెల ఫోన్ ఆపేసి పది రోజులు పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పే ఓపిక లేదు. గది తాళం నా దగ్గరే ఉండిపోయింది, వచ్చినవాళ్లు మెట్ల మీద గంట కూర్చున్నారు.

## 11. ముందురోజు రాత్రి సంచి

☐ పేరు కార్డులు, రంగు కార్డులు, పెన్నులు
☐ చదివే పది వాక్యాల కాగితం
☐ గవ్వ, ఇసుక గడియారం
☐ ఇయర్‌ప్లగ్‌లు, ‘అవును’, ‘కాదు’ చీటీలు
☐ 14416, 112 రాసిన కార్డు
☐ నీళ్ల సీసాలు, ఉప్పు బిస్కెట్లు, డబ్బా
☐ వాచ్‌మన్‌కి గుర్తు చేశామా
☐ తాళం చెవి మన దగ్గర ఒకటి, రెండోది ఇంకొకరి దగ్గర